ఫోటో స్టూడియోల వాళ్లకు హెచ్చరిక: 'గూగుల్‌లో ఫస్ట్ పేజీ గ్యారంటీ' ప్యాకేజీలతో జాగ్రత్త

పెళ్లిళ్ల ఫోటోగ్రఫీ చేసే మిత్రులందరికీ నమస్కారం. ఆషాఢం వచ్చిందంటే మనకు చేతిలో పని తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే ఈ ఫోన్లు మొదలవుతాయి. "సార్, మీ వెబ్‌సైట్ గూగుల్‌లో ఎక్కడో నాలుగో పేజీలో ఉంది. శ్రావణం ముహూర్తాల లోపు ఫస్ట్ పేజీకి తెచ్చేస్తాం, గ్యారంటీ" అంటారు. రాజమండ్రిలో మా స్టూడియోకి అలా వచ్చిన ఒక ఎస్‌ఈఓ ఏజెన్సీతో (గూగుల్‌లో వెతికితే సైట్ పైన కనపడేలా చేస్తామనేవాళ్లు) ఏం జరిగిందో రాస్తున్నాను. పేరు రాయడం లేదు. నోటీసుల వ్యవహారం నడుస్తోంది. పైగా ఇదే పాట పాడే ఏజెన్సీలు చాలా ఉన్నాయి కాబట్టి ఒక్క పేరు గుర్తుపెట్టుకుని లాభం లేదు.

ఒక విషయం ముందే చెప్పేస్తాను. ర్యాంకు రాకపోతే పోయేది డబ్బు. డొమైన్ (మన వెబ్‌సైట్ అడ్రస్), గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్ మ్యాప్‌లో కనపడే మన స్టూడియో వివరాల పేజీ) అవతలివాళ్ల మెయిల్ ఐడీ మీదకి వెళ్లిపోతే పోయేది వ్యాపారం. మిగతాదంతా చదవకపోయినా ఈ ఒక్కటీ చూసుకోండి.

వాళ్ల లెక్క ఇదీ: అడ్వాన్సు 20 వేలు, నెలకు 8 వేలు, ఆరు నెలల ఒప్పందం, పది కీవర్డ్స్ (జనం గూగుల్‌లో కొట్టే మాటలు) ఫస్ట్ పేజీలో. డబ్బు ఎవరిదో వ్యక్తిగత యూపీఐకి వేయమన్నారు. బిల్లు అడిగితే "జీఎస్టీ బిల్లు కావాలంటే 18 శాతం ఎక్స్‌ట్రా సార్" అన్నారు. తీసుకొచ్చిన ఫోల్డర్ మీద 'గూగుల్ పార్ట్‌నర్' అని బొమ్మ. నిజంగా ఆ గుర్తింపు ఉన్నా, అది గూగుల్ యాడ్స్ నడిపేవాళ్లకు ఇచ్చేది. మామూలు సెర్చ్‌లో ర్యాంకులకూ దానికీ సంబంధం లేదు. ఫస్ట్ ర్యాంకు ఇస్తామని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే తన సహాయ పేజీల్లో రాసుకుంది. మంచిగా పని చేసినా ఫలితం కనపడటానికి నాలుగు నెలల నుంచి ఏడాది దాకా పడుతుందని కూడా అక్కడే ఉంది. శ్రావణానికల్లా అన్నవాడు అక్కడే దొరికిపోయినట్టు.

ఇక మొదటి నెల చివర్లో ఒక కుర్రాడు దానవాయిపేటలోని మా స్టూడియోకే వచ్చి, నా ఫోన్ తీసుకుని, 'వెడ్డింగ్ ఫోటోగ్రాఫర్ నియర్ మీ' అని కొట్టాడు. మ్యాప్‌లో మొట్టమొదట మా పేరే. "చూశారా సార్" అంటూ స్క్రీన్‌షాట్ తీసి నాకే వాట్సాప్ చేశాడు. ఈ ట్రిక్కు అందరూ తెలుసుకోవాలి. మ్యాప్ ఫలితాలకు గూగుల్ చూసేవి ప్రధానంగా మూడు: వెతికినదానికి మన పని సరిపోతుందా, వెతికేవాళ్లకి మనం ఎంత దూరంలో ఉన్నాం, మనం ఎంత పేరున్నవాళ్లం. స్టూడియోలో నిలబడి వెతికితే దూరం దాదాపు సున్నా. మన పేరు పైన రాకుండా ఎలా ఉంటుంది? అదే సాయంత్రం మా బావమరిది మోరంపూడి దగ్గర నుంచి వెతికితే మా జాడే లేదు. ఎవరైనా మీకు ఇలా చూపిస్తే, ఊరికి అవతలి చివర ఉన్న బంధువుకి ఫోన్ చేసి వెతికించండి.

ఇంకోసారి పంపిన స్క్రీన్‌షాట్‌లో నిజంగానే లిస్టులో పైన ఉన్నాం. జూమ్ చేస్తే పైన చిన్నగా 'స్పాన్సర్డ్' అని ఉంది. అది ర్యాంకు కాదు, డబ్బు కట్టి వేసిన ప్రకటన. బడ్జెట్ అయిపోగానే మాయం.

నెలనెలా వచ్చే పీడీఎఫ్ రిపోర్టు మాత్రం పచ్చ బాణాలతో కళకళలాడేది. పది కీవర్డ్స్‌లో ఏడు ఫస్ట్ పేజీలోకి వచ్చేశాయట. ఏవి? 'బెస్ట్ ట్రెడిషనల్ కాండిడ్ వెడ్డింగ్ ఫోటోగ్రాఫర్ స్టూడియో ఇన్ రాజమహేంద్రవరం ఈస్ట్ గోదావరి' లాంటివి. పెళ్లి పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఇంత పొడుగు టైప్ చేస్తారా అండి? ఊరి పేరు అధికారికంగా 2015లోనే మారినా జనం కొట్టేది రాజమండ్రి అనే. ఎవరూ వెతకని మాటకు ఎవరైనా ఫస్ట్ రావచ్చు, పోటీ ఉండదు కదా. రిపోర్టులో రెండో పేజీ అంతా 'డొమైన్ అథారిటీ పెరిగింది' అని. అది మోజ్ అనే ప్రైవేటు కంపెనీ వేసుకున్న అంచనా, గూగుల్ దాన్ని వాడదు. ఆ సీజన్‌లో వెబ్‌సైట్ చూసి చేశామన్న ఫోన్ ఒక్కటీ రాలేదు.

సైట్‌లో ఏం చేశారో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాకినాడ, అమలాపురం, భీమవరం, తుని అంటూ ఊరికో పేజీ పెట్టారు. అన్నిట్లో ఒకటే మేటర్, ఊరి పేరే తేడా. అమలాపురం పేజీలో 'ఒంటెల మీద, ఎడారి సూర్యాస్తమయంలో మీ ప్రీ వెడ్డింగ్ షూట్' అని ఉంది. ఎక్కడో రాజస్థాన్ ఫోటోగ్రాఫర్‌కి రాసింది తెచ్చి అతికించారన్నమాట. కోనసీమలో ఒంటెలు! పైన పెద్ద బొమ్మ కూడా మేం తీసింది కాదు, లెహంగాలో ఉన్న ఎవరో ఉత్తరాది పెళ్లికూతురు. మా ఆల్బమ్‌లలో బాసికాలు కట్టుకున్న జంటలు వందల మంది ఉంటే వాళ్లకు ఒక్కటీ పనికిరాలేదు. ఇలా ఊరి పేరు మార్చి కుప్పలుగా వేసే పేజీలు గూగుల్ స్పామ్ నియమాలకు విరుద్ధం కూడా.

తర్వాత బ్యాక్‌లింకులు, అంటే వేరే సైట్ల నుంచి మన సైట్‌కి వచ్చే లింకులు. 'నెలకు 500 హై క్వాలిటీ లింక్స్' అని ప్యాకేజీలో ఉంది. సెర్చ్ కన్సోల్‌లో (మన సైట్ గూగుల్‌లో ఎలా కనపడుతోందో చూపించే గూగుల్ టూల్) లింక్స్ రిపోర్టు తెరిస్తే క్యాసినోలు, బూట్లు అమ్మే సైట్లు, ఏ భాషో తెలియని బ్లాగులు. పెళ్లి ఫోటోలకీ క్యాసినోకీ ఏమిటి చుట్టరికం? 2012లో పెంగ్విన్ అనే అప్‌డేట్ వచ్చినప్పటి నుంచే గూగుల్ ఇలాంటి లింకుల మీద కన్నేసింది. ఇప్పుడు చాలావరకు వాటిని లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తోంది, అంటే కట్టిన డబ్బు గోదాట్లో పోసినట్టే. మరీ శ్రుతి మించితే మాన్యువల్ యాక్షన్ (గూగుల్ మనుషులే చూసి వేసే శిక్ష) పడి సైట్ కిందికి పోతుంది. ఆ సంగతి చెప్పే మెయిల్ సెర్చ్ కన్సోల్‌లో ఓనర్‌గా ఉన్నవాళ్లకి వస్తుంది. ఏజెన్సీ తన మెయిల్ మాత్రమే పెట్టుకుంటే మనకు కబురు కూడా అందదు.

అసలు దెబ్బ గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ మీద పడింది. బోర్డు మీద ఉన్న మా స్టూడియో పేరుకి వెనకాల 'బెస్ట్ కాండిడ్ వెడ్డింగ్ ఫోటోగ్రాఫర్ ఇన్ రాజమండ్రి' అని తగిలించారు. బయట బోర్డు మీద ఎలా ఉందో అలాగే పేరు ఉండాలన్నది గూగుల్ నియమం. దానికి తోడు ఊరూ పేరూ తెలియని ఖాతాల నుంచి ఒకే వారంలో ఐదు చుక్కల రివ్యూలు వచ్చిపడ్డాయి. ఒకదాంట్లో 'ఫుడ్ చాలా టేస్టీగా ఉంది, ఏసీ రూమ్స్ నీట్‌గా ఉన్నాయి' అని రాసి ఉంది. ఫోటో స్టూడియోలో ఏసీ రూములేంటో! కొద్దిరోజులకే ప్రొఫైల్ సస్పెండ్ అయింది. ఏళ్లుగా పెళ్లివాళ్లు మనస్ఫూర్తిగా రాసిన రివ్యూలు కూడా దాంతోపాటే కనపడకుండా పోయాయి. మాఘమాసం ముహూర్తాల ముందు మ్యాప్‌లో స్టూడియో లేకపోతే ఉండే టెన్షన్ ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఒప్పందం ఆపేద్దామంటే అప్పుడు తెలిసింది డొమైన్ సంగతి. 'సైట్ స్పీడు పెంచాలి, హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉండే చోటు) మారుస్తున్నాం' అని మొదట్లోనే ఆథ్ కోడ్ (డొమైన్‌ని వేరే కంపెనీకి మార్చడానికి కావాల్సిన రహస్య కోడ్) అడిగి తీసుకున్నారు. ఆ కోడ్‌తో డొమైన్‌ని వాళ్ల రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) అకౌంట్‌లోకి మార్చుకున్నారు, రికార్డుల్లో వాళ్ల మెయిల్ ఎక్కించారు. ఇది బాగా గుర్తుంచుకోండి: హోస్టింగ్ మార్చడానికి డీఎన్ఎస్ రికార్డులు (డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేవి) మారిస్తే చాలు. డొమైన్ ట్రాన్స్‌ఫర్ అక్కర్లేదు. స్పీడుకీ ర్యాంకుకీ డొమైన్ ఏ అకౌంట్‌లో ఉందన్న దానితో పనే లేదు. కాబట్టి ఆథ్ కోడ్ గానీ, రిజిస్ట్రార్ నుంచి వచ్చే ఓటీపీ గానీ ఏ కారణం చెప్పినా ఇవ్వకండి. ఇప్పుడు 'మిగతా నెలల డబ్బు మొత్తం కడితేనే డొమైన్ రిలీజ్ చేస్తాం' అంటున్నారు.

కొత్త డొమైన్ కొనుక్కుంటే సరిపోదా అని కొందరు అడిగారు. మామూలుగా అడ్రస్ మార్చినప్పుడు పాతదాని నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ (పాత అడ్రస్‌కి వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు) పెడితే పాత సైట్‌కున్న విలువ కొత్తదానికి వస్తుంది. ఆ రీడైరెక్ట్ పెట్టాలంటే పాత డొమైన్ మన చేతిలో ఉండాలి కదా. అందుకే వాళ్లు దాన్నే పట్టుకుని కూర్చున్నారు.

ఎస్‌ఈఓ మొత్తం మోసం అనను. పద్ధతిగా చేసేవాళ్లూ ఉన్నారు, కాకపోతే వాళ్లు గ్యారంటీలు ఇవ్వరు, మీ పాత ఫోటోలు, రేట్లు, ఏ ఊళ్లలో చేస్తారు అని ముందు మిమ్మల్నే విసిగిస్తారు. ఎవరికి ఇచ్చినా డొమైన్ మీ అకౌంట్‌లో ఉంచి, డీఎన్ఎస్ మార్పులు మీ ముందే చేయించండి. బిజినెస్ ప్రొఫైల్‌లో ప్రైమరీ ఓనర్ మీరు, వాళ్లు మేనేజర్ మాత్రమే. సెర్చ్ కన్సోల్ ఉచితం, 16 నెలల డేటా దాస్తుంది. అందులో ఓనర్‌గా ఉండి, జనం ఏం కొడితే మన సైట్ కనపడుతోందో, ఎన్ని క్లిక్కులు వస్తున్నాయో మీరే చూడండి. పీడీఎఫ్ రిపోర్టు అక్కర్లేదు.

సగం పని మనమే చేసుకోవచ్చు కూడా. మన సైట్లలో ఫోటోలు ఎక్కువ, అక్షరాలు తక్కువ. 'ఐఎంజీ 4521' అనే ఫైల్ పేరుతో కెమెరా నుంచి దించిన బొమ్మను అలాగే ఎక్కించేస్తాం. దాని బదులు సైజు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికైన ఫార్మాట్‌లోకి మార్చి, ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మలో ఏముందో చెప్పే రాత) 'కడియం నర్సరీలో ప్రీ వెడ్డింగ్', 'జీలకర్ర బెల్లం, రాజమండ్రి పెళ్లి' అని ఉన్నది ఉన్నట్టు రాస్తే గూగుల్‌కి ఆ పేజీ దేని గురించో అర్థమవుతుంది. పేజీలో పెద్ద బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనపడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. మాది అప్పట్లో టీ తాగొచ్చినా తెరుచుకునేది కాదు. ఆల్బమ్ ఇచ్చేటప్పుడు పెళ్లివాళ్లనే నాలుగు మాటలు రివ్యూ రాయమని అడగండి.

ప్రస్తుతానికి ప్రొఫైల్ అప్పీలు తర్వాత తిరిగి వచ్చింది, పేరు బోర్డు మీద ఉన్నట్టే పెట్టాం. దొంగ రివ్యూలను రిపోర్ట్ చేస్తున్నాం. డొమైన్ మీద లాయరు నోటీసు వెళ్లింది, పాత రిజిస్ట్రార్ ఇన్‌వాయిసులన్నీ మా పేరు మీదే ఉండటం మాకు బలం. ఇదే తరహా ప్యాకేజీ తీసుకుని ఇరుక్కున్నవాళ్లు ఉంటే వాట్సాప్ చాట్లు, యూపీఐ రశీదులు, డొమైన్ మొదట కొన్నప్పటి బిల్లు డిలీట్ చేయకుండా దాచండి. గోదావరి జిల్లాల వాళ్లు నాకు మెసేజ్ పెట్టండి. ఒకే ఏజెన్సీ అయితే కలిసి ఫిర్యాదు చేద్దాం, అప్పుడు దానికి బరువు ఉంటుందని మా లాయరు గారు అంటున్నారు.