సువార్తికుడా, మిషనరీయా?

ఈ రెండు మాటల్నీ చాలామంది ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. పుట్టుక చూస్తే రెండూ వేరు.

సువార్తికుడికి ఇంగ్లీషు మాట 'ఇవాంజలిస్ట్' గ్రీకు నుంచి వచ్చింది. 'ఎవ్' అంటే మంచి, 'అంగేలియా' అంటే కబురు. మన 'సువార్త' సరిగ్గా ఆ అచ్చులోనే పోసినట్టుంటుంది: సు, వార్త. నాకైతే మూలం కన్నా ఇదే వినసొంపు. 'మిషనరీ' లాటిన్ మాట, పంపడం అనే ధాతువు నుంచి పుట్టింది. అంటే ఒకటి చేతిలోని కబురు గురించి, రెండోది పంపించడం గురించి.

బైబిల్లో మిషనరీ అన్న మాటే లేదు. 'సువార్తికుడు' కొత్త నిబంధనలో మూడు చోట్ల వస్తుంది, అందులో పేరు పెట్టి అన్నది ఒక్క ఫిలిప్పునే. రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటున్న ఐతియొపీయుడి దగ్గరికి పరుగెత్తుకెళ్లి, చదివేది అర్థమవుతోందా అని అడిగింది ఈయనే. ఎఫెసీయులకు రాసిన పత్రిక 4:11 సువార్తికుల్ని, కాపరుల్ని (అంటే పాస్టర్లని) విడివిడిగా చెబుతుంది. కాబట్టి పాస్టర్లందర్నీ సువార్తికులనడం కూడా అంత కరెక్ట్ కాదు.

వాడుకలో తేడా ఇంకా తేలిక. సొంత ఊళ్లోనే వాక్యం చెప్పే మనిషి సువార్తికుడే, మిషనరీ కాదు. సంఘం పంపితే వేరే దేశం వెళ్లి వైద్యం చేసే డాక్టర్ మిషనరీ. వేదిక ఎక్కకపోయినా సరే.

అన్నట్టు, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో 'టెక్నాలజీ ఇవాంజలిస్ట్' అనే ఉద్యోగం ఉంది. అక్కడ మాత్రం సువార్తికుడు అని అనువదించకండి!