షాతో కాంత్‌మెర్ల్ 2016: అనంతపురంలో నాలుగు సీసాలు, ఐదేళ్లు

2019 డిసెంబర్‌లో ఫ్రాన్స్‌లోని టులూజ్ నుంచి మా తమ్ముడూ మరదలూ వస్తూ షాతో కాంత్‌మెర్ల్ అనే వైన్ తలా రెండు సీసాలు తెచ్చారు. సుంకం కట్టకుండా మనిషికి రెండు లీటర్ల వరకే తెచ్చుకోనిస్తారు, సీసా 750 మిల్లీలీటర్లు, కాబట్టి నాలుగుకు మించి కుదరలేదు. "అన్నా, తొందరపడొద్దు. అయిదేళ్లన్నా ఉంచితేనే దీని రుచి తెలుస్తుంది" అన్నాడు. నేను ఆగలేదు. ఆ వారమే ఒకటి తెరిచాను.

ఇది ఫ్రాన్స్‌లో వైన్‌కు పేరుపడ్డ బోర్డోలోని ఓ-మెడాక్ ప్రాంతపు రెడ్ వైన్. 1855లో అక్కడి తోటలను అయిదు తరగతులుగా విడదీసిన జాబితాలో అయిదో తరగతిది. ఎక్కువ పాలు క్యాబర్నే సావిన్యాన్ ద్రాక్ష, తర్వాత మెర్లో ద్రాక్ష. పేరులోని 2016 ద్రాక్ష కోసిన ఏడాది, అది అక్కడ చాలా మంచి ఏడాది. వసంతంలో వానలు దండిగా పడ్డాయి, జూన్ చివరి నుంచి ఎండలే. తీగలు డస్సిపోతున్న వేళ సెప్టెంబర్ మధ్యలో వాన కురిసింది. ఆ తర్వాత పగలు ఎండ, రాత్రి చలి, కాయ నిదానంగా పండింది. అదనుకు పడ్డ వాన ఏం చేస్తుందో మా చెనిక్కాయ రైతులకు చెప్పనక్కర్లేదు.

మొదటి సీసా నన్ను నిరాశపరిచింది. రంగు చిక్కగా, అల్లనేరేడు పండు నలిపినట్టు ఉంది కానీ, గుక్క వేయగానే నాలుక, చిగుళ్లు పట్టేశాయి. తొక్కలోంచి, గింజల్లోంచి, పీపా చెక్కలోంచి వచ్చే ఆ వగరునే టానిన్ అంటారు. పైగా ఆ రోజు నాటుకోడి పులుసు, సంగటి. కారానికి వైన్ మండింది తప్ప రుచి తెలియలేదు.

మిగిలిన మూడింటిలో రెండు ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టాను. ఇంకోదానికి మా ఆవిడ చోటివ్వలేదు, అది బీరువాలోకి వెళ్లింది. 2021 మే నెలలో చూస్తే కార్క్ పైకి పొడుచుకొచ్చింది, రేకు కింద జిగురు కారి గట్టిపడింది. తెరిస్తే ఉడికించిన కిస్మిస్ వాసన, చింతపండు పులుపు. పారబోశాను. తప్పు వైన్‌ది కాదు, నాది. నలభై దాటే ఎండలున్న ఊళ్లో దీన్ని బీరువాలో ఉంచకూడదు. ఆ నెలలోనే చిన్న వైన్ కూలర్ కొన్నాను. 13 డిగ్రీలు పెట్టి, కార్క్ ఎండకుండా సీసాలను పడుకోబెట్టాను. కరెంటు పోయినప్పుడు తలుపు తీయను, అంతే.

2023 జనవరిలో మూడోది. వగరు సగం దిగింది. బాగుంది, అయినా ఇంకా ఏదో దాచుకున్నట్టే అనిపించింది.

ఇక నాలుగోది, 2025 సంక్రాంతి మర్నాడు. ముందు రోజే నిలబెట్టి ఉంచాను, మడ్డి అడుక్కి దిగాలి కదా. మెడ కింద ఫోన్ టార్చ్ పెట్టి, గాజు జగ్గులోకి సన్నని ధారగా వంచాను. రెండు చెంచాలంత ముదురు మడ్డి చివర్లో మెడ దాకా వచ్చింది, అక్కడ ఆపేశాను. గాలి తగిలేలా గంటన్నర వదిలేశాను. రెడ్ వైన్‌ను గది వేడిలో తాగాలని పుస్తకాల్లో రాస్తారు, అంటే 16 నుంచి 18 డిగ్రీలు, మనకది జనవరి రాత్రి మేడ మీదే దొరుకుతుంది.

పొడుగు కాడ, వెడల్పు కడుపు ఉన్న గ్లాసులో మూడో వంతే పోసుకున్నాను. వంచి చూస్తే అంచున ఇటుక రంగు మొదలైంది. ముక్కు దగ్గర పెట్టగానే అప్పుడే చెక్కిన పెన్సిల్ వాసన. చిన్నప్పుడు బళ్లో షార్ప్‌నర్ తిప్పితే వచ్చేదే, సరిగ్గా అదే. దాని వెనక నేరేడు, ఎండిన పొగాకు, తొలకరికి తడిసిన మట్టి. గుక్క వేస్తే వగరు ఉంది కానీ పట్టేయదు, పట్టుబట్టలా జారింది. మింగాక నిమిషం దాకా నోట్లో నిలిచింది. ఆ నిమిషం కోసం అయిదేళ్లు ఆగినా తప్పు లేదనిపించింది.

దీనికి తోడు కారం తగ్గించి, మిరియాలతో వేయించిన పొట్టేలు మాంసం. కొవ్వు తగిలితే వగరు మెత్తబడుతుంది. ఉప్పు చెనిక్కాయలు కూడా ఇంత బాగా కుదురుతాయని అనుకోలేదు. గుంటూరు కారం పడే వంటకం మాత్రం దీని పక్కన వద్దు.

35 యూరోలకు కొన్నానన్నాడు తమ్ముడు. కూలర్ ఉంటే ఆ ధరకు ఇది నిజంగా గొప్ప వైన్. లేకపోతే తెచ్చిన చలికాలంలోనే తాగేయండి, కనీసం మూడు గంటలు జగ్గులో ఉంచి.

మిగిలిన గ్లాసెడు మర్నాడు మధ్యాహ్నం తాగాను. పెన్సిల్ వాసన పోలేదు. తమ్ముడు మళ్లీ వచ్చేటప్పుడు 2016 దొరక్కపోతే 2019 తెమ్మన్నాను. కింది అర ఖాళీ చేసి పెట్టాను.