బెంగళూరు పెయింట్‌బాల్ ఆటగాళ్లకు హెచ్చరిక: ఆ ‘టాక్టికల్ కిట్’ జోలికి పోకండి, మాస్కు అసలే వద్దు

మారతహళ్లి, సర్జాపుర రోడ్డు, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే మన తెలుగు పెయింట్‌బాల్ (రంగు నింపిన జిలాటిన్ గుండ్లను గాలి గన్నులతో పేల్చుకునే ఆట) జట్లన్నిటికీ ఇది చేరాలి. వీకెండ్ ఆటల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన తిరుగుతోంది: కామోఫ్లాజ్ డ్రెస్, ‘థర్మల్ లెన్స్ ప్రో మాస్కు’, గ్లవ్స్, ఒక పూట మూవ్‌మెంట్ ట్రైనింగ్, అన్నీ కలిపి మనిషికి 4,500 రూపాయలు. మా ఆఫీసు జట్టులో నలుగురం తీసుకున్నాం. డబ్బు సంగతి తర్వాత చెప్తాను. ముందు మాస్కు గురించి వినండి, అది కన్ను పోయే వ్యవహారం.

వచ్చిన మాస్కుకు లెన్సే లేదు. కళ్ల దగ్గర ఇనుప వల బిగించి ఉంది. అది ఎయిర్‌సాఫ్ట్ ఆటకు (చిన్న ప్లాస్టిక్ గుండ్లతో ఆడేది) వాడే రకం. ఎయిర్‌సాఫ్ట్ గుండు 6 మిల్లీమీటర్లు, బరువు తరచుగా 0.2 గ్రాములు. మన పెయింట్‌బాల్ 0.68 అంగుళాలు, అంటే 17 మిల్లీమీటర్ల పైమాటే, బరువు సుమారు 3 గ్రాములు. ఫీల్డుల్లో వేగాన్ని మామూలుగా సెకనుకు 280 నుంచి 300 అడుగుల లోపు ఉండేలా చూస్తారు. ఆ వేగంలో దెబ్బకు 11, 12 జౌల్స్ శక్తి ఉంటుంది. ఎయిర్‌సాఫ్ట్‌లో సాధారణంగా ఒకటి, ఒకటిన్నర. అంత దెబ్బ ఆ సన్నటి వల మీద పడితే అది లోపలికి నొక్కుకుపోవచ్చు. నొక్కుకోకపోయినా, పగిలిన జిలాటిన్ పెంకు ముక్కలు, రంగు ఆ కన్నాల్లోంచి నేరుగా కంట్లోకి కొడతాయి. ఫీల్డులో భద్రత చూసుకునే మార్షల్ దాన్ని చేతిలోకి తీసుకుని చూడగానే మమ్మల్ని గేటు దగ్గరే ఆపేసి తమ మాస్కులు ఇచ్చాడు. ఆయన రుణం ఎలా తీర్చుకోవాలో తెలియదు.

సరైన పెయింట్‌బాల్ మాస్కు మీదో, దాని కాగితాల్లోనో ఏఎస్‌టీఎం ఎఫ్1776 అనే పెయింట్‌బాల్ కంటి రక్షణ ప్రమాణం రాసి ఉంటుంది. లెన్సు పాలీకార్బొనేట్. థర్మల్ అంటే రెండు పొరల లెన్సు, మధ్యలో గాలి ఉండడం వల్ల ఊపిరికి మంచు పట్టదు. ఇంకో దారుణం ఏమిటంటే, డ్రెస్సుకు మ్యాచ్ అయ్యేలా మాస్కు మీద స్ప్రే పెయింట్ కొట్టుకోమని ఆ అమ్మేవాళ్లు వీడియో పంపారు. దయచేసి ఆ పని చేయకండి. స్ప్రేలలో ఉండే ద్రావకాలు పాలీకార్బొనేట్‌ను బలహీనం చేస్తాయి. కంటికి కనపడని పగుళ్లు వచ్చి, లెన్సు అవసరమైన రోజున విరిగిపోతుంది. అంతగా రంగు కలవాలనుకుంటే పై అంచుకు గుడ్డ కట్టుకోండి.

ఇక డ్రెస్సు. ముదురు ఆకుపచ్చ, నలుపు మచ్చలు. దట్టంగా, తడిగా ఉండే అడవికి పనికొచ్చే రంగులవి. కనకపుర రోడ్డు వైపు చూడండి, దేవనహళ్లి వైపు చూడండి: ఎర్రమట్టి, జామాయిల్ తోపులు, లాంటానా పొదలు, జనవరి నుంచి వానలు పడేదాకా ఎండుగడ్డి రంగు. ఆ నేపథ్యంలో ముదురు పచ్చ మనిషి దూరం నుంచే నల్లగా తేలిపోతాడు. పైగా పాలిస్టర్ గుడ్డ ఎండకు మెరుస్తుంది, కదిలితే గరగరమంటుంది. ఇంట్లో ఉన్న పాత ఖాకీ ప్యాంటు, మట్టి రంగు నూలు చొక్కా దానికంటే నయం. డ్రమ్ములు, టైర్లు, గాలి నింపిన బంకర్లు (చాటుకు పెట్టేవి) ఉండే చిన్న ఫీల్డుల్లో అయితే ఏ మచ్చల చొక్కా అయినా ఒకటే. అక్కడ కాపాడేది బంకర్ తప్ప బట్టలు కాదు.

అదనంగా 2,000 కట్టించుకుని జనపనార పోగుల గిల్లీ సూట్ (మనిషిని పొదలా కనిపించేలా చేసే డ్రెస్సు) కూడా అంటగడుతున్నారు. మెత్తటి పోగుల మీద పడిన గుండు పగలకుండా జారిపోతుంది, పగలకపోతే అవుట్ లెక్క కాదు. అందుకే దాన్ని ఒప్పుకోని రెఫరీలు ఉంటారు. కొనే ముందు మీ ఫీల్డులో అడగండి.

వాళ్ల ‘ప్రీమియం’ డ్రెస్సు ఇంకో తలనొప్పి. అది మన సైన్యం 2022 జనవరి 15న ఆర్మీ డే నాడు చూపించిన కొత్త డిజిటల్ యూనిఫాంను పోలి ఉంది. ఆ డిజైన్‌ను సైన్యం తన పేరిట రిజిస్టర్ చేయించుకుంది, అనుమతి లేకుండా తయారుచేస్తే చట్టవిరుద్ధం అవుతుందని చెప్పింది కూడా. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో అలాంటి దుస్తులు వేసుకోవడం భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద శిక్షార్హం. మనకు ఆ ఉద్దేశం ఉండదు, నిజమే. కానీ వేసుకుని ఎయిర్‌పోర్టు రోడ్డు మీద బండాపి టీ తాగుతుంటే వచ్చే ప్రశ్నలకు జవాబు ఆ అమ్మినవాడు చెప్పడు. సరిహద్దులో కాపలా కాసేవాళ్ల బట్టలకు మనం ఇవ్వాల్సిన మర్యాద కూడా ఒకటుంది.

ట్రైనింగ్ పేరుతో ఒక ఖాళీ లేఅవుట్‌లో ఎండలో మోచేతుల మీద పాకించారు, సెల్యూట్ కొట్టించారు, ఫోటోలు తీశారు. గన్ను ముట్టనివ్వలేదు. ప్రకటనలో మాత్రం తొలి ఆట కథ చెప్పి ఊరించారు. కథ నిజమే: 1981 జూన్ 27న అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రం హెన్నికర్‌లో 12 మంది ఆడారు, రిచీ వైట్ అనే అటవీ ఉద్యోగి ఒక్క గుండు కూడా పేల్చకుండా జెండాలన్నీ తెచ్చి గెలిచాడు. అయితే అది విశాలమైన అడవిలో ఎవరికి వారు ఆడిన ఆట. గెలిపించింది అడవిలో తిరిగి తిరిగి అలవాటైన నడక. దాన్ని డబ్బాలో పెట్టి ఎవరూ అమ్మలేరు.

కదలిక గురించి అసలు విషయాలు మాకు ఆ ఫీల్డు మార్షలే, పైసా తీసుకోకుండా, రెండు ఆటల మధ్య చెప్పాడు. కన్ను రంగు కంటే ముందు కదలికను పట్టుకుంటుంది. కాబట్టి ఎదుటివాడు మీవైపు చూస్తున్నప్పుడు రాయిలా ఉండండి, మీ జతగాడు కాల్పులతో వాడి తల దించగానే పరుగు తీయండి. లేచాక ఎక్కడికా అని వెతుక్కోకూడదు, తర్వాతి బంకర్ ఏదో లేవకముందే తేల్చుకోవాలి. రెండు మూడు సెకన్ల పరుగు చాలు, అంతకంటే దూరమైతే మధ్యలో ఇంకో చాటు చూసుకోవాలి. ఒకే వైపు నుంచి రెండుసార్లు తొంగిచూడొద్దు. బంకర్‌ను కౌగిలించుకోకుండా ఒక అడుగు వెనక్కి ఉంటే పక్కలు కనిపిస్తాయి. మనం తల దించుకున్నా హాపర్ (గన్ను మీద ఉండే గుండ్ల డబ్బా) పైకి పొడుచుకొచ్చి పట్టిస్తుంది, చాలామంది అవుటయ్యేది ఇక్కడే. పొద కనపడనీయకుండా చేస్తుంది గానీ గుండును ఆపుతుందని నమ్మకండి. ఒక్కోసారి కొమ్మకు తగిలి పగులుతుంది, ఒక్కోసారి సందులోంచి సూటిగా వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం నోరు: ఎదుట ఎంతమంది మిగిలారు, ఎవరు ఎటు కదిలారు అని అరిచి చెప్పే జట్టు ముందు మౌనంగా దాక్కున్న జట్టు నిలవదు.

డబ్బు విషయానికి వస్తే, తెరిచిన కిట్ వాపసు తీసుకోం అన్నారు. బిల్లు లేదు, అడ్రసు లేదు, యూపీఐ ఎవరో వ్యక్తి నంబరుకు. ఆన్‌లైన్‌లో వ్యాపారంగా అమ్మేవాళ్లు ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వాపసు తీసుకోనని అనడానికి 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. అక్కడా తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, వస్తువుకు కట్టిన సొమ్ము 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు. మేం 1915లో ఫిర్యాదు పెట్టాక మాస్కుల డబ్బు మాత్రం తిరిగి వేశారు. మిగతాది ఇంకా నడుస్తోంది.

ఇదే కిట్ కొన్నవాళ్లుంటే ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు వివరాలు, డబ్బా ఫోటోలు దాచుకుని మీరూ ఫిర్యాదు చేయండి. పిల్లల పుట్టినరోజు ఆటకని కొన్న తల్లిదండ్రులూ ఉన్నారని విన్నాను. అమ్మా, అయ్యా, ఆ వల మాస్కు వాళ్ల బ్యాగులోంచి ఇవాళే తీసేయండి.