అమ్మ మోకాలి ఆపరేషన్‌కి ముందు 3డీ ప్లానింగ్ చేయించాం, మా అనుభవం ఇది

అమ్మకి కుడి మోకాలు మార్పిడి చేయించి 4 నెలలైంది, అడిగినవాళ్ళందరికీ ఫోన్లో చెప్తున్నా కానీ సగం మర్చిపోతున్నా, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా. సీటీ స్కాన్ తీసి, కంప్యూటర్‌లో ఎముకల మోడల్ కట్టి, దాని మీద ఆపరేషన్ ముందే చేసి చూసుకుని, ఆ తర్వాత రోబో చెయ్యి సాయంతో కోసే పద్ధతి మేం తీసుకున్నాం.

స్కాన్ మోకాలికి ఒక్కదానికే కాదు, తుంటి దగ్గరా చీలమండ దగ్గరా కూడా తీస్తారు. తుంటి బంతి మధ్య నుంచి చీలమండ మధ్యకి గీత గీస్తే అది మోకాల్లో ఎటు పక్కగా పోతోందో దాన్నిబట్టి బరువు ఎటు పడుతోందో తెలుస్తుంది. ఎక్స్‌రే చాలదా అంటే, అది నీడలాంటిది, కాలు కాస్త తిరిగి ఉన్నా వంపు డిగ్రీలు మారిపోతాయి.

నాకు బాగా నచ్చింది మాత్రం స్క్రీన్ ముందు కూర్చోబెట్టి చూపించడం. అమ్మ ఎముకలు తెల్లగా గుండ్రంగా తిరుగుతున్నాయి, మోకాలి లోపలి వైపు రెండు ఎముకలూ దాదాపు ఆనుకుపోయాయి, అంచుల్లో గోరంత ముళ్ళు. "చూడండమ్మా, 8 డిగ్రీలు వంగింది, దొడ్డికాలు అంటారే అదే" అన్నారు డాక్టర్ గారు. "ఇన్నేళ్ళూ ఈ కాలితోనేనా నేను నడిచింది" అని అమ్మ చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఇంప్లాంట్ (ఎముక కోసిన చోట అమర్చే కృత్రిమ కీలు) పెట్టి చూపించారు, పెద్ద సైజు పెడితే పక్కకి 3 మిల్లీమీటర్లు పొడుచుకొచ్చింది, అలా వదిలేస్తే చుట్టూ ఉన్న కండకి రాసుకుని నొప్పి పెట్టే అవకాశం ఉందట, ఒక సైజు తగ్గించగానే ఎముక అంచుకి సరిగ్గా కూర్చుంది. ఎముక కోయకముందే ఇది తెలియడమే నా దృష్టిలో అసలు లాభం.

కానీ సీటీలో ఎముక కనిపిస్తుంది, లిగమెంట్, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే కట్టు, ఎంత బిగుతుగా ఉందో కనపడదు. అందుకే టేబుల్ మీద తొడ ఎముకకీ కాలి ఎముకకీ పిన్నులు బిగించి, ప్రోబ్ అనే మొనదేలిన పుల్లలాంటి పరికరంతో ఎముకని అక్కడక్కడా తాకి మోడల్‌తో కలుపుకుంటారు, మోకాలు చాపీ మడిచీ ఎముకల మధ్య సందు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో చూసి ప్లాన్ మళ్ళీ సరిచేస్తారు. అన్ని సిస్టమ్స్‌కీ సీటీ అక్కర్లేదు, కొన్ని ప్రోబ్‌తో ఎముకని తడిమి అక్కడికక్కడే మోడల్ కట్టుకుంటాయి.

మేం మొదట వెళ్ళిన హాస్పిటల్లో "అంతా మెషీనే చూసుకుంటుంది" అని చెప్పి పంపేశారు, ప్లాన్ చూపించమంటే విసుక్కున్నారు, అది నాకు ఇప్పటికీ బాధే. మాకు చేసిన పద్ధతిలో రంపం పట్టుకునేది సర్జనే, ప్లాన్‌లో కోయాలనుకున్న హద్దు దాటకుండా రోబో చెయ్యి ఆపుతుంది అంతే. ఇంకోటి, ఇంప్లాంట్ అనుకున్న కోణంలో కూర్చోవడం వరకు ఈ పద్ధతికి రుజువులు బాగానే ఉన్నాయి, చాలా ఏళ్ళ తర్వాత నడక కూడా మామూలు ఆపరేషన్ కంటే మెరుగ్గా ఉంటుందని మాత్రం గట్టిగా తేలలేదు. మాకు ఇది డాక్టర్ గారే చెప్పారు, ఆయన మీద నమ్మకం పెరిగింది కూడా అక్కడే.

ఇబ్బందులంటే పిన్నులు దిగిన చోట కాలి ఎముక మీద 3 వారాలు సలుపు, ఆ సంగతి ముందు ఎవరూ చెప్పలేదు. ప్లాన్ కాపీ కూడా ఇవ్వలేదు. అమ్మ ఇప్పుడు కర్ర లేకుండా మెట్లు ఎక్కుతోంది, ఎడమ మోకాలు కూడా ఇక్కడే చేయిస్తాం, ఈసారి ఆ బొమ్మల ప్రింట్ స్కాన్ రోజే అడిగి తీసుకుంటా.