గిటారు నెక్ హీల్ చెక్కడానికి షింటో రాస్ప్, గ్రైండర్, స్పోక్‌షేవ్: ఏళ్ల వాడకం తర్వాత

అకూస్టిక్ గిటారు హీల్ (నెక్ బాడీకి కలిసే చోట ఉండే మందపాటి మడమ భాగం) చెక్కే పనిలో సింహభాగం అప్పగించదగ్గ పనిముట్టు ఒక్కటే చెప్పమంటే, జపాన్ షింటో రాస్ప్ పేరు చెబుతాను. రంపం బ్లేడ్లను జల్లెడలా వంచి రివెట్లతో కలిపిన ఆకురాయి ఇది. ఒక వైపు అంగుళానికి 11 పళ్లు, రెండో వైపు 25. పొట్టు బ్లేడ్ల మధ్య ఖాళీల్లోంచి రాలిపోతుంది కాబట్టి మహాగని మీద గంటసేపు లాగినా పళ్లు పూడుకుపోవు. గ్రైండర్ దీనికంటే వేగంగా కోస్తుంది, నిజమే. కానీ హీల్ మీద చెక్క నార దిశ చోటుచోటుకీ మారుతుంది. అక్కడ వేగం కంటే చేతికి తెలిసే స్పర్శే ముఖ్యం.

అన్నిటికంటే ముందు బిగింపు. చెక్క కదిలితే చేతి పనిముట్టయినా ప్రమాదమే. బోల్టులతో బిగించే నెక్ అయితే 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కకు బాడీలో ఉన్న దూరంలోనే రెండు రంధ్రాలు వేసి, అవే ఎం6 (6 మి.మీ.) బోల్టులతో హీల్‌ను దానికి బిగించండి. ప్లైవుడ్ వైస్‌లో, నెక్ వెనక భాగం పైకి. నెక్ కింద తిన్నని బద్ద పెట్టి హెడ్‌స్టాక్ వైపు క్లాంపు వేయాలి. దీంతో ఇంకో లాభం ఉంది. బాడీని తాకే హీల్ అంచులకు ప్లైవుడ్ ఆనుకుని ఉంటుంది కాబట్టి అవి చిట్లవు. ఆ అంచు చిట్లితే అతుకు దగ్గర సందు కనిపిస్తుంది, తర్వాత ఏ పూతా దాన్ని దాచలేదు.

గీతలు గీసేటప్పుడు మధ్య గీత, క్యాప్ (హీల్ చివర అతికించే పలచటి చెక్క ముక్క) ఆకారంతో పాటు ఇన్సర్టులు (బోల్టులు ఎక్కడానికి హీల్‌లో దించిన మరల లోహపు గొట్టాలు) ఎక్కడున్నాయో, ఎంత లోతుకు దిగాయో కూడా పక్కల మీద గుర్తు పెట్టుకోండి. ఫింగర్‌బోర్డు దగ్గర సుమారు 56 మి.మీ. ఉన్న వెడల్పు క్యాప్ దగ్గర 28కి దిగుతుంది. ఎం6 ఇన్సర్టు బయటి వ్యాసం దాదాపు 10 మి.మీ. అది లోపలికి దిగిన చోట హీల్ ముందువైపుకి ఇంకా సన్నబడుతుంది. అందంగా ఉంటుందని కింది భాగాన్ని మరీ పలచన చేస్తే ఇన్సర్టు చుట్టూ చెక్క మిగలదు. తీగలు 70 కిలోలకు పైగా లాగుతుంటే ఆ పలచటి గోడ నార వెంబడి చీలుతుంది. క్యాప్‌ను మాత్రం చెక్కడానికి ముందే అతికించాలి.

నాలుగంగుళాల గ్రైండర్‌కు 60 గ్రిట్ (గరుకు కొలత) ఫ్లాప్ డిస్క్, అంటే ఉప్పుకాగితం రెక్కల చక్రం, వేసి పైపై చెక్కను తీసేయొచ్చు. గీతకు 3 మి.మీ. ముందే ఆగాలి. ఈ గ్రైండర్లు నిమిషానికి 11,000 చుట్లు, కొన్ని అంతకంటే ఎక్కువే తిరుగుతాయి. డిస్క్ మీద రాసిన గరిష్ఠ వేగం మీ గ్రైండర్ వేగం కంటే తక్కువైతే దాన్ని వేయకూడదు. రెండు చేతులతో పట్టుకోండి, గార్డు తీయొద్దు. డిస్క్ తిరిగే దిశ చెక్క మూల మీంచి బయటికి పోవాలి. ఎదురుగా మూలలోకి తిరిగితే అంచును పట్టుకుని గ్రైండర్‌ను మీ వైపు విసురుతుంది. డిస్క్‌ను 15 డిగ్రీల వాలులో కదుపుతూనే ఉండాలి. ఆపిన చోట చెక్క మాడుతుంది, నిలువుగా ఆనిస్తే గాడి పడుతుంది. గొలుసు పళ్ల డిస్కులు అమ్ముతారు. హీల్ లాంటి చిన్న ముక్క మీద వాటిని అసలు వాడకండి. డ్రిల్ ప్రెస్‌కు సాండింగ్ డ్రమ్ తగిలించడం కూడా నాకు నచ్చని పద్ధతే. పక్క ఒత్తిడికి చక్ ఊడి పడే అవకాశం ఉంది.

ఇక్కడి నుంచి రాస్ప్. ముతక వైపుతో మూలలను 45 డిగ్రీల పట్టీలుగా తీసి, ఆ పట్టీల మూలలను మళ్లీ సగం చేస్తూ పోవాలి. రెండు పక్కల పట్టీల వెడల్పు సమానంగా ఉంటే సౌష్ఠవం దానంతటదే వస్తుంది. నేరుగా గుండ్రం చేయబోతే ఒక పక్క బొద్దుగా మిగిలిపోతుంది. ముతక పళ్ల గీతలు లోతుగా పడతాయి కాబట్టి గీతకు ఒకటిన్నర మి.మీ. ఉండగానే సన్న వైపుకి తిప్పండి. పక్కల మీద లాగు బాడీ అంచు నుంచి హీల్ ముందున్న మధ్య గీత వైపుకి ఉండాలి.

హీల్ నెక్‌లో కలిసే లోపలి వంపు దగ్గర షింటో ఆగిపోతుంది, ఎందుకంటే అది చదునుగా ఉంటుంది. అక్కడ అర్ధచంద్రాకారపు రాస్ప్ తప్పనిసరి. దిశ ఎప్పుడూ క్యాప్ నుంచి నెక్ వైపుకే, అంటే ఎత్తు నుంచి పల్లానికి. నెక్ వైపు నుంచి పైకి తోస్తే ఎదురు నారలో దిగబడి పెచ్చులూడుతుంది. స్పోక్‌షేవ్‌ది (రెండు పక్కలా పిడులున్న చిన్న చిత్రిక) కూడా ఇదే సూత్రం. నెక్ పొడవు మీద అది అద్భుతం, వంపులో మాత్రం బ్లేడు గెంతుతుంది.

నునుపు చేసేటప్పుడు ఉప్పుకాగితం 80 నుంచి 240 దాకా చాలు, కానీ నార చివరలు తేలే వంపు భాగాన్ని 320 దాకా తీసుకెళ్లండి. లేకపోతే రంగు ఎక్కువ పీల్చి మచ్చలా నల్లబడుతుంది. మధ్యలో తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే దాక్కున్న రాస్ప్ గీతలన్నీ బయటపడతాయి.

కలప దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. ఎన్95 మాస్కు, రక్షణ కళ్లద్దాలు రాస్ప్ పనికీ కావాలి. గ్రైండర్‌కైతే చెవులకు కూడా రక్షణ ఉండాలి. రాస్ప్ పట్టినప్పుడు ఎడమ చేతికి తోలు తొడుగు మంచిదే, తిరిగే డ్రమ్ దగ్గర తొడుగు వద్దు, చేతిని లోపలికి లాగేస్తుంది.

షింటో పళ్లకు మళ్లీ పదును పెట్టే వీలు లేదు. ఇన్సర్టుకో బోల్టుకో తగిలిన పళ్లు అక్కడికక్కడే పోతాయి. ఇత్తడి బ్రష్‌తో దులిపి, తీరప్రాంతపు తేమలోనైతే పలచగా మెషిన్ ఆయిల్ రాసి ఉంచండి. వాడే ముందు నూనె పూర్తిగా తుడవాలి, లేకుంటే చెక్క మీద పూత పట్టదు. పొట్టుకు బదులు మెత్తటి పొడి రాలుతూ, చెక్క మెరుస్తుంటే పళ్లు అరిగినట్టే. దాన్ని ఎపాక్సీ గీకడానికి పక్కన పెట్టి కొత్తది తీసుకోండి.