నాలుగున్నరేళ్లుగా నియాన్ టెట్రాలతో

కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్, హాల్లో రెండడుగుల చేపల ట్యాంకు, అందులో నియాన్ టెట్రాలు, అంటే నీలి గీత, ఎరుపు రంగు ఉన్న చిన్న చేపలు. పెట్టి నాలుగున్నరేళ్లయింది. తెచ్చుకోవాలా వద్దా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది, తెచ్చుకోండి గానీ ఆరింటితో ఆగకండి. పదికి తక్కువైతే అసలు తేవద్దు.

నేను మొదట ఆరే తెచ్చాను. షాపులో "ఈరోజే నీళ్లు నింపి ఈరోజే వేసేయండి, ఏం కాదు" అన్నారు, నమ్మాను, వారంలో రెండు పోయాయి. కొత్త ట్యాంకులో చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను విరగ్గొట్టే బ్యాక్టీరియా ఉండదు. అది ఫిల్టర్‌లో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అప్పటిదాకా చేపలు లేకుండా రోజూ చిటికెడు మేత వేస్తూ ఫిల్టర్ నడపాల్సింది.

మిగిలిన నాలుగూ రోజంతా ఫిల్టర్ వెనకాలే నక్కి ఉండేవి. మేత వేస్తే ఒకటి గబుక్కున వచ్చి అందుకుని మళ్లీ లోపలికి. రెండు నెలలకు ఇంకో పదకొండు తెచ్చి కలిపాను, వారం తిరగకుండానే ఆ పిరికి చేపలే ముందుకొచ్చి తిరగసాగాయి. గుంపంతా ఒకదానికొకటి అంటుకున్నట్టు ఈదుతుంటే ఎంత బాగుందో అనుకుంటాం కదా, నిజానికి బెదిరినప్పుడే అంత దగ్గరవుతాయి. బాల్కనీ గ్రిల్ మీద కాకి వాలి రెక్కలు కొట్టిందంటే చాలు, పదిహేనూ పిడికెడంత ముద్దై మూలకు పోతాయి. కాకి ఎగిరిపోయాక ఒక్కొక్కటే విడిపోయి మొక్కల మధ్య తిరుగుతాయి. అలా విడివిడిగా కనిపిస్తేనే నాకు నిశ్చింత. మా అత్తమ్మ అయితే రోజూ సాయంత్రం కుర్చీ వేసుకుని లెక్కపెడుతుంది, ఒకటి తక్కువైతే నన్ను పిలిచేదాకా ఊరుకోదు.

ఒకసారి అర్ధరాత్రి లైటు వేసి చూస్తే నీలి గీత లేదు, ఎరుపు లేదు, అన్నీ పాలిపోయి ఉన్నాయి. చచ్చిపోతున్నాయేమో అని టెన్షన్ పడ్డాను. చీకట్లో వాటి రంగు తగ్గడం మామూలే, వెలుతురు తగిలిన కాసేపటికి తిరిగి వచ్చేస్తుంది.

ఇక నీళ్ల సంగతి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ చుక్కలు వేయకుండా ఎప్పుడూ పోయను. మా బోరు నీళ్లు టీడీఎస్ మీటరులో (నీళ్లలో కరిగిన ఉప్పులు కొలిచేది) 900 చూపించాయి. ఈ చేపలేమో అమెజాన్ వైపు మెత్తటి నీళ్లవి, అంటే ఉప్పులు తక్కువ ఉన్న నీళ్లవి, అందుకే బోరు నీళ్లు మానేసి నల్లా నీళ్లలో సగం ఆర్‌ఓ నీళ్లు కలిపి వారానికోసారి పావు వంతు మారుస్తాను. మా వీధిలో రాలిన నాటు బాదం ఆకులు ఏరి, కడిగి, ఎండబెట్టి ఒకటి వేస్తాను. నీళ్లు పల్చటి టీ రంగుకు వస్తాయి, ఆ రంగులో నీలి గీత ఇంకా మెరుస్తుంది.

అసలు పరీక్ష మే నెల. నియాన్‌లకు 22 నుంచి 26 డిగ్రీలు హాయి, మా హాల్లో ట్యాంకు నీళ్లు 32 దాటతాయి. ఐసు ముక్కలు వేయొద్దు, వేడి ఒక్కసారిగా తగ్గినా వాటికి ప్రమాదమే. మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన నీటిని మాత్రం ఆర్‌ఓ నీళ్లతోనే నింపాలి, ఎందుకంటే నీళ్లు పోయినా ఉప్పులు లోపలే ఉండిపోతాయి. కరెంటు పోతే పనికొస్తుందని బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొన్నాను, ఆ డబ్బు దండగ కాలేదు.

ఎండాకాలం ఊరెళ్లి పది రోజులు ఇల్లు తాళం వేసేవాళ్లయితే నియాన్ వద్దు, జీబ్రా డేనియోలు తెచ్చుకోండి. మన దేశపు చేపలే, చురుకైనవి, వేడికి ఇంత సున్నితం కావు, గుంపుగానే ఉంటాయి.

నా పదిహేనులో ఇప్పుడు పదకొండు ఉన్నాయి. వానలు పడి నీళ్లు చల్లబడ్డాక ఇంకో ఆరు తెచ్చి, రెండు వారాలు వేరే టబ్బులో ఉంచి కలుపుతాను.