పాత వాషింగ్ మెషీన్ వెనక ఉండే చిన్న జాలీ: చాలా ఏళ్ల వాడకం తర్వాత

మా టాప్ లోడ్ మెషీన్ వయసు ఇరవై ఏళ్ల పైమాటే. తిప్పే నాబ్, టకటకమనే టైమరు, అంతే. ఉతకడంలో ఇప్పటికీ వంక పెట్టలేను. పేచీ అంతా నీళ్లు నిండే దగ్గరే.

శ్రీకాకుళంలో మా ఇంటి ట్యాంకులో బోరు నీళ్లూ మున్సిపాలిటీ నీళ్లూ కలుస్తాయి. ఆ ఇసుక, మడ్డి, పాత పైపుల చిలుము అన్నీ చివరికి చేరేది మెషీన్ వెనక పైపు బిగించే చోట ఉన్న రూపాయి బిళ్లంత జాలీలోకే. వానాకాలం, నాగావళి ఎర్రగా పారే రోజుల్లో మరీ త్వరగా పూడిపోతుంది. మా పాత మెషీన్‌లో నీళ్లు గుర్తు దాకా వచ్చి లోపలి స్విచ్ పడితేనే టైమరు కదులుతుంది. జాలీ పూడితే మెషీన్ మూలుగుతూ అక్కడే ఆగిపోతుంది. నీళ్లు లోపలికి వదిలే వాల్వు పోయిందని ఖర్చు చెప్పే మెకానిక్‌లూ ఉన్నారు. ముందు జాలీ చూడండి.

ప్లగ్గు తీసి, కుళాయి కట్టి, కింద బకెట్ పెట్టి నట్టు విప్పాలి. జాలీ మధ్యలో చిన్న పిడి ఉంటుంది, ప్లయర్‌తో మెల్లగా లాగాలి. పాత ప్లాస్టిక్ పెళుసు, గట్టిగా గుంజితే చేతికే వస్తుంది. ఇసుక టూత్‌బ్రష్‌తో పోతుంది గానీ తెల్లటి సున్నం పొర లొంగదు, నిమ్మ ఉప్పు నీళ్లలో కాసేపు నానాలి. పైపు కొసన వాషర్ గట్టిపడితే అప్పుడే మార్చేయండి. నట్టు చేత్తో బిగిస్తే చాలు.

జాలీ తీసి పారేస్తే ధార బాగుంటుందని చాలామంది అంటారు. బాగుంటుంది, కొన్నాళ్లు. మా పిన్నిగారింట్లో అలాగే తీసేశారు. ఇసుక నలక వాల్వు రబ్బరులో ఇరుక్కుని అది పూర్తిగా మూసుకోలేదు. కరెంటు ఆపినా రాత్రంతా నీళ్లు కారి పొద్దున్నకి టబ్బు నిండిపోయింది.

కుళాయి దగ్గర బిగించే అదనపు ఫిల్టర్ కూడా వాడి చూశాను. కడగడం తేలికే. కానీ 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్లకే సుమారు 1 బార్ ఒత్తిడి. మా ట్యాంకు ఒక్క అంతస్తు పైనే, అందులో మూడో వంతు కూడా రాదు. దానికి తోడు ఫిల్టర్ అడ్డం పడితే సన్నటి ధారే మిగిలింది, తీసేశాను. ప్రెషర్ పంపు ఉన్నవాళ్లు నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

ఇలాంటి పాత మోడళ్లకి జాలీ విడిగా దొరకడం కష్టం, వాల్వుతో కలిపే అమ్ముతారు. మీ మెషీన్‌కి వేడినీళ్ల వాల్వు ఉండి, దాన్ని వాడకపోతే ఆ జాలీ సైజు చన్నీళ్ల వైపు సరిపోతుందేమో చూడండి. మాది ఇప్పుడు దానితోనే నడుస్తోంది.